విమానాన్ని మోసుకుంటూ మక్తల్ దాకా

నల్లగొండ నుంచి మక్తల్‌కు పొద్దున్నే బస్సెక్కితే చీకటి పడకముందే చేరుకోవచ్చు. మేము విమానంతో వెళ్లాం కాబట్టి మూడు రోజులు పట్టింది.

విమానం అంటే ఇద్దరు పట్టే చిన్న విమానం. పెట్రోలు అక్కర్లేదు, కరెంటుతో నడుస్తుంది. దాన్ని కట్టిందీ నడిపేదీ స్వరూప, నా భార్య సుగుణకు మేనకోడలు. స్వరూప తల్లిగారి ఊరు మక్తల్ దగ్గర, అత్తగారి ఊరు మేళ్లచెరువు. భర్త అక్కడ సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. హైదరాబాదులో చేస్తున్న ఉద్యోగం వదిలేసి, ఒకప్పుడు బండలు కోసిన రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని, ఆ పిల్ల నాలుగేళ్లు అందులోనే ఉంది. సుగుణ లెక్కల టీచరుగా రిటైరైంది. నెలకోసారి బస్సులో వెళ్లి స్వరూప వేసిన లెక్కలు సరిచూసి వచ్చేది. అందుకు ఏమీ అడగలేదు. రెండో సీట్లో మొదట కూర్చునేది తానే అని మాత్రం మాట తీసుకుంది. ఆ సీటు ఆమె బరువును బట్టే లెక్క వేశారు.

సుగుణ పోయి ఏడాది దాటింది. సీటు నాకు వచ్చింది. నేను అడగలేదు. జిల్లా గ్రంథాలయంలో పని చేసినంత కాలం, పైఅరలో పుస్తకం కావాలంటే నిచ్చెన ఎక్కమని ఇంకొకరికి చెప్పిన మనిషిని నేను.

స్వరూపకు ఇది ఆఖరి అవకాశం. ఇన్నాళ్లూ ఖర్చు పెట్టిన హైదరాబాదు వాళ్లు ఒక షరతు పెట్టారు. ఇద్దరు మనుషులతో ఎగరాలి, కృష్ణా నది దాకా పోయి తిరిగి రావాలి, వచ్చాక బ్యాటరీలో ఇంకా పది నిమిషాల శక్తి మిగలాలి. మిగిలితే రెండో విమానానికి డబ్బిస్తారు. లేకపోతే షెడ్డు ఖాళీ చెయ్యాలి. ఎగరడానికి అనుమతి దొరికింది ఒక్క ఉదయానికి, మక్తల్ దగ్గర వాళ్ల నాయిన చేనులోనే. అనుమతుల కాగితాల గురించి రాయను. చాలా పుస్తకాలు చదివినవాణ్ణి, వాటిని మాత్రం పూర్తి చెయ్యలేకపోయాను.

మేళ్లచెరువు

ఈ ఊళ్లో చెట్ల ఆకులకు రెండు రంగులు. కింది వైపు ఆకుపచ్చ, పై వైపు సిమెంటు. హోటల్లో చాయ్ గ్లాసు మీద సాసరు మూసి ఇస్తారు. మా నల్లగొండలో సాసరు కింద పెడతారు.

షెడ్డులోకి వెళ్లగానే "ఎక్కు మామా" అంది స్వరూప. విమానం ఎక్కమంటోందని మెట్టు కోసం వెతికాను. ఆమె కింద ఉన్న కాంటా చూపించింది.

అరవై మూడు కిలోలు.

"అరవై దాటొద్దని ఫోన్ల చెప్పిన గద."

"మీ అత్త పోయినంక ఆరు కిలోలు తగ్గిన" అన్నాను.

"ఇంకో మూడు తగ్గు. మక్తల్ దాకా టైమున్నది."

పరామర్శకు వచ్చినవాళ్లందరూ ఏడాదిగా నన్ను లావు కమ్మని చెబుతున్నారు. బక్కచిక్కమని చెప్పిన మొదటి మనిషి ఈమె. నాకు కొంత ఊరటగానే అనిపించింది.

మూడు కిలోల కోసం ఇంత పట్టుదల ఎందుకని అడిగితే విమానం వెనక ఉన్న పెట్టెల మీద చెయ్యి వేసి చెప్పింది. "ఇవి బ్యాటరీలు. మనమిద్దరం కలిసినా వీటంత బరువు లేము. పెట్రోలు విమానమైతే పోతున్న కొద్ది పెట్రోలు కాలిపోయి తేలికైతది. ఇది కాదు. నిండుగున్నా గంతే బరువు, ఖాళీ అయినా గంతే బరువు. ఎత్తుకున్న బరువు ఎత్తుకున్నట్టే దించాలె."

దీన్ని ఇంకో దానితో పోల్చాలని నాకు అనిపించింది. పోల్చలేదు.

నలభై నిమిషాలు గాలిలో ఉంటుందట. అందులో ఆఖరి పది నిమిషాలు ముట్టుకోకూడదు. అంటే ముప్పై. కృష్ణకు పోయి రావడానికి సరిగ్గా సరిపోతుంది. బరువు పెరిగితే సరిపోదు.

విమానాన్ని ఎక్కించుకోవడానికి హుజూర్‌నగర్ నుంచి డీసీఎం లారీ వచ్చింది. డ్రైవరు యాదగిరి, యాభై ఏళ్ల మనిషి, ఒడ్డూ పొడుగూ సమానం. రెక్కలు విప్పి, పాత రగ్గులు చుట్టి, రెండు పక్కలా కట్టారు. యాదగిరి చుట్టూ తిరిగి చూశాడు.

"అమ్మా, ఇది ఎగురుతది గద?"

"ఎగురుతది."

"మరి నా బండెందుకు?"

"గంత దూరం ఎగరదు."

"అట్లనా" అన్నాడు. డోరు మూశాక నాతో అన్నాడు: "నా బండి డీజిల్ తాగి దీన్ని మోస్తది. ఇప్పుడు విమానమేది సార్, మోసేదా, మోయించుకునేదా?"

దేవరకొండ

దారిలో తిండి విషయంలో నేను చేసిన తప్పు ఒకటే. సుగుణ సంగతి యాదగిరికి చెప్పాను.

మిర్యాలగూడ దాటాక ఒక హోటల్లో ఆగాం. నేను మజ్జిగ ఒకటి చాలన్నాను. యాదగిరి లోపలికి వెళ్లి ఏదో చెప్పాడు. హోటలామె స్వయంగా వచ్చి నా ముందు పళ్లెం పెట్టింది. అన్నం, పప్పు, పచ్చిపులుసు, పక్కన బోటి కూర.

"తినుండ్రి సార్. గిట్ల కడుపు మాడ్చుకుంటె పోయినామె వస్తదా?"

తినక తప్పలేదు. తోడు వచ్చినందుకు యాదగిరికి కూడా అంతే పెట్టింది. మళ్లీ దేవరకొండలో ఆగినప్పుడు గుమ్మంలోంచే అతని గొంతు వినబడింది. "సార్ భార్య పోయింది, జర మంచిగ పెట్టు తమ్మీ." తలకాయ కూర వచ్చింది. డబ్బులు తీసుకునేటప్పుడు ఆ కూరకు తీసుకోలేదు. నా దుఃఖం మీద యాదగిరి రెండు పూటలు భోంచేశాడు.

ఆ సాయంత్రం స్వరూప కాంటా కిందికి దించింది. అరవై నాలుగు.

"మామా, దిక్కు మారింది" అంది.

రాత్రికి అక్కడే ఆగాం. పొద్దున బండి చుట్టూ జనం చేరారు. గాలిమర అన్నారు, మందు కొట్టే డ్రోను తల్లి అన్నారు. భుజాన గొంగడి వేసుకున్న ఒక పెద్దమనిషి, గొర్ల కాపరి, అందరినీ ఊరుకోబెట్టి స్వరూపను అడిగాడు.

"ఎంత సేపు ఎగురుతది బిడ్డా?"

"నలభై నిమిషాలు పెద్దయ్యా."

"నలభై నిమిషాలకు నాలుగేండ్లు జేసినవా?"

జనం నవ్వారు. స్వరూప కూడా నవ్వింది. తర్వాత నిదానంగా చెప్పింది. "బస్సుకు పోటీ కాదు పెద్దయ్యా. దీంతోని హైదరాబాద్ పోలేము. నదికి ఇవతల ఊరున్నది, అవతల దవాఖానున్నది, బ్రిడ్జి తిరిగి పోతె రెండు గంటలు. పాము కరిచినోనికి రెండు గంటలుండవు. మీద నుంచి పోతె పావుగంట. కరెంటు ఖర్చు రెండు బిర్యానీలంత. మోత ఉండదు, గొర్లు బెదరవు."

పెద్దాయన ఆలోచించాడు. "పాము కరిచినోడు లావుంటె?"

స్వరూప నా వైపు చూసింది. "గదే తిప్పలు" అంది.

మహబూబ్‌నగర్

కల్వకుర్తి దాటాక రోడ్డు పక్క సీతాఫలాల గంపలు మొదలయ్యాయి. మా వైపు సీతాఫలాలు లెక్కపెట్టి అమ్ముతారు, ఇక్కడ గంపకు బేరం. బేరమాడి కొన్న యాదగిరి, తినేవాళ్లు లేరని బాధపడ్డాడు. నేను ఒకటి తిన్నాను. గింజలు బయట పారేశాను కాబట్టి బరువులో సగం లెక్క కాదని వాదించాను. స్వరూప ఒప్పుకోలేదు.

మహబూబ్‌నగర్‌లో లాడ్జి ముందు బండి పెట్టుకుని పడుకున్నాం. పొద్దున లేచి చూసేసరికి విమానం ముక్కు కింద బూడిద గుమ్మడికాయ వేలాడుతోంది. నిమ్మకాయలు, మిరపకాయల దండ తోక దగ్గర. రెక్కల రగ్గుల మీద పసుపు, కుంకుమ.

"నిన్న దేవరకొండల అంత మంది కండ్లు వడ్డయి" అన్నాడు యాదగిరి. "కొత్త బండికి దిష్టి కట్టకుండ తోలుతరా ఎవలన్న?"

"కాక, గుమ్మడికాయ ఎన్ని కిలోలుంటది?"

"నాలుగుంటది. పెద్దది సూసి తెచ్చిన."

స్వరూప తల పట్టుకుంది. "నేను మామను కిలో కిలో జేసి తగ్గిస్తున్న, నువ్వు నాలుగు కిలోలు కట్టినవు."

"దిష్టి తాకితె?"

"దిష్టి తాకినా ఎగురుతది. గుమ్మడికాయ తాకితె ఎగరదు."

చివరికి గుమ్మడికాయ డీసీఎం ముందుకు మారింది. ఒక నిమ్మకాయ విమానానికి ఉంచుకోవడానికి స్వరూప ఒప్పుకుంది. ఆ నిమ్మకాయను కూడా కాంటా మీద పెట్టి చూసే కట్టింది.

మక్తల్‌కు ఇవతల

సుగుణ పుట్టిన ఇల్లు మక్తల్‌కు కాస్త ఇవతల ఊళ్లో ఉంది. ఇంట్లో ఆమె తమ్ముడు, అంటే స్వరూప నాయిన, బాలకిష్టయ్య, అతని భార్య లక్ష్మమ్మ, మా అత్తగారు మణెమ్మ ఉంటారు. ఎర్రనేల, కంది, పత్తి, వెనక దొడ్డిలో మేకలు. మా వైపు కాలువ నీళ్లు తాగిన వరి చూసిన కళ్లకు ఇక్కడి చేలు ఆకలిగా కనబడతాయి. జొన్నరొట్టె మాత్రం మా వైపు ఇంత పల్చగా ఎవరూ చెయ్యలేరు.

ఆ రొట్టె ముందు కూర్చుని నాకు ఆకలి లేదన్నాను. అప్పటికి అరవై రెండుకు వచ్చాను. లక్ష్మమ్మ వడ్డిస్తున్న చెయ్యి ఆపింది. మా అత్తగారు గడప అవతల కూర్చుని ఉంది. ఎనభైకి దగ్గరపడిన మనిషి, ఎండిన కందికట్టె లాగా ఉంటుంది. నేను వచ్చినప్పటి నుంచి కూతురి పేరు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

"బిడ్డ పోయినంక మా ఇంట్ల కూడు గూడ సయిస్తలేదా అల్లునికి?" అంది, గోడతో చెబుతున్నట్టు.

మూడు రొట్టెలు తిన్నాను, పుంటికూరతో, అదే గోంగూరతో. స్వరూప చూసి, తన రొట్టె తాను తింది.

బ్యాటరీలు నింపడానికి చేను దగ్గరి బోరుమోటరు కరెంటే దిక్కు. మోటర్లన్నీ ఒకేసారి నడిస్తే వోల్టేజి పడిపోతోంది, విమానానికి ఎక్కడం లేదు. బాలకిష్టయ్య చుట్టుపక్కల చేలవాళ్ల దగ్గరికి వెళ్లి, ఒక్క పూట మోటర్లు బందు పెట్టమని అడిగాడు. అందరూ వచ్చి ముందు విమానాన్ని చూశారు.

"ఎన్ని హార్స్‌పవరు కిష్టన్నా?" అన్నాడు ఒకాయన.

"అరవై అంటుంది పిల్ల."

"అరవైయా? నా అయిదు హార్స్‌పవరు మోటరు మూడెకరాలు పారిస్తది. ఇది ఎన్నెకరాలు పారిస్తది?"

"ఒక్క గుంట పారియ్యదు."

"ఇగ మంచిది" అన్నాడు ఆయన. అయినా మోటరు బందు పెట్టాడు. మిగతావాళ్లూ పెట్టారు. పొద్దు గుంకేసరికి బ్యాటరీలు నిండాయి.

చేను

బాలకిష్టయ్య పెసర తీసేసిన చేనును చదును చేయించి, పొడుగ్గా దారి తీయించాడు. పొద్దున్నే హైదరాబాదు నుంచి దినకర్ గారు కారులో వచ్చారు. పరీక్ష సరిగ్గా జరిగిందో లేదో చెప్పవలసింది ఆయనే. కోస్తా వైపు మనిషి, నెమ్మదస్థుడు, మన్ను అంటుతుందని ప్యాంటు మడుచుకుని తిరిగారు. స్వరూపతో మాట్లాడటానికి చేతిలో వాకీటాకీ ఉంది.

నేను కాంటా ఎక్కాను. అరవై ఒకటిన్నర. చెప్పులు విడిచాను. బెల్టు, వాచీ, పర్సు తీసి యాదగిరి చేతిలో పెట్టాను. స్వెటరు విప్పాను. అరవై, ఒక పిసరు ఎక్కువ.

"కండ్లద్దాలు?" అంది స్వరూప.

"అవి లేకపోతె ఏం కనబడది."

"కనబడకపోతె మంచిదే మామా. భయముండది."

కళ్లద్దాలు ఉంచుకోవచ్చని దినకర్ గారు తీర్పు చెప్పారు. నేను ఎక్కబోతుండగా ఊరి వైపు నుంచి ఆరుగురు ఆడవాళ్లు వచ్చారు. ముందు మా అత్తగారు, వెనక లక్ష్మమ్మ పసుపు బియ్యం గంపతో.

మా తెలంగాణలో పెళ్లయిన ఆడపిల్ల తల్లిగారింటికి వస్తే, మూడేళ్లకో అయిదేళ్లకో ఒకసారి ఒడిబియ్యం పోస్తారు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, రవికె బట్ట, అన్నీ చీరె ఒళ్లో పోసి నడుముకు కడతారు. ఆ పిల్ల వాటిని అలాగే అత్తగారింటికి తీసుకెళ్లి వండి నలుగురికీ పెడుతుంది. చదివేవాళ్లలో తెలియనివాళ్లు ఉంటారని రాస్తున్నాను. దినకర్ గారికి తెలియదు.

"అవ్వా, ఇప్పుడా?" అంది స్వరూప.

"ఇప్పుడు గాకపోతె ఎప్పుడు? తల్లిగారి చేన్ల నుంచి విమానమెక్కి పోతున్నవు. ఉత్త ఒడితోని పంపుమంటవా?" అంది మా అత్తగారు.

"బియ్యం రేపు పోద్దువు గని."

"రేపటి నుంచి దినాలు మంచిగ లెవ్వు."

"బియ్యం డీసీఎంల పెడ్త. యాదగిరి కాక తెస్తడు."

"ఒడిబియ్యం ఆడపిల్ల ఒళ్లె కూసోని పోతయి. లారీల పోతయా?"

స్వరూప నన్ను చూసింది. నేను నేలను చూశాను. కూతురు పోయిన ముసలమ్మకు ఎదురు చెప్పే శక్తి ఆ పిల్లకు ఉన్నా, ఆ రోజు వాడలేదు. చాప పరిచారు. ప్యాంటు మీదే చీరె చుట్టి, మా అత్తగారు పక్కన నిలబడి చెబుతుంటే ముత్తైదువలు అయిదుగురూ దోసిళ్లతో పోశారు. ప్రతి దోసిలికీ స్వరూప పెదాలు కదిలాయి. మొక్కుతోందని వాళ్లు అనుకుని ఉంటారు. లెక్క పెడుతోంది.

లేచి కాంటా మీద నిలబడింది. ఏడు కిలోలు పెరిగింది.

"మామా, నువ్వూ బియ్యం కలిసి పోలేరు" అంది. గొంతు మామూలుగానే ఉంది, కళ్లు కాదు.

"బస్తా ఇసుక పెట్టి ఎగరవచ్చా సార్?" అని దినకర్ గారిని అడిగాను.

"మనిషే ఉండాలండీ. షరతు అది. తేలికైనవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?"

యాదగిరి రెండడుగులు వెనక్కి వేశాడు. ఎవరూ అడగకపోయినా.

మా అత్తగారు ఈ మాటలన్నీ విని కాంటా ఎక్కి నిలబడింది. "ఎంతున్న చూడు" అంది.

నలభై ఆరు. బియ్యం కలిపితే యాభై మూడు. సుగుణ బరువు కంటే తక్కువ.

"ఆడపిల్లను తల్లిగారింటి నుంచి ఒక్కదాన్నే పంపుతరా? ఎవలన్న తోడు పోవాలె. నేను పోత" అంది.

"అమ్మా, పైకి లేస్తది" అన్నాడు బాలకిష్టయ్య.

"లేవనీ. కూసునే గద పోయేది."

దినకర్ గారు ఆమెను నాలుగు ప్రశ్నలు అడిగారు. గుండె గురించి అడిగితే రోజూ మేకల వెంట ఎంత దూరం నడుస్తుందో చెప్పింది. షరతుల్లో కనీస వయసు ఉంది, పై వయసు లేదు. బెల్టు కట్టారు. విమానం చేనులో పరుగెత్తింది. బోరు మోటరు పాటి చప్పుడు కూడా లేదు. దారి చివర నేల వదిలి, కందిచేల మీదుగా దక్షిణానికి వెళ్లిపోయింది.

నేను చెప్పులు వేసుకున్నాను.

తిరుగు దారి

ఎదురుచూసేటప్పుడు నాకు మాట్లాడటం చేతకాదు. యాదగిరికి ఆ ఇబ్బంది లేదు. "ముసలమ్మకు కడుపుల తిప్పితె?" "మబ్బు అడ్డమొస్తె?" అని ఒకటొకటిగా అడిగాడు. బాలకిష్టయ్య చేను చుట్టూ తిరుగుతూ, ఉన్న ఒక్క రాయినీ అటూ ఇటూ మార్చాడు.

మధ్యలో వాకీటాకీలో స్వరూప గొంతు వచ్చింది. నది మీద ఉన్నామని, తిరుగుతున్నామని. చాలాసేపటికి దక్షిణాన ఆకాశంలో చుక్క కనబడింది, పెద్దదైంది. ఊరంతా లేచి నిలబడింది.

"సార్, చేను దగ్గరికొచ్చిన. ఇంకా పన్నెండు నిమిషాలకు ఉన్నది."

దినకర్ గారి ముఖం వెలిగింది. "చాలా బాగుంది. దిగండి."

వాకీటాకీ గరగరలాడింది. "దిగరాదు సార్."

"ఏమైంది? చక్రమా?"

"చక్రం మంచిగనే ఉన్నది. అవ్వ దిగనిస్తలేదు."

దినకర్ గారు వాకీటాకీని ఒకసారి చూసుకుని, మళ్లీ చెవి దగ్గర పెట్టుకున్నారు. "పైలట్ ఎవరండీ?"

"నేనే సార్. గని ఆమె అవ్వ."

విమానం మా తలల మీదుగా వెళ్లింది. బెల్టులో బిగుసుకు కూర్చున్న మా అత్తగారు కిందికి చూడనైనా లేదు. విమానం ఊరిని చుట్టి, తూర్పుకు తిరిగింది. ముట్టుకోకూడని ఆ పది నిమిషాల్లోంచి ఒక్కొక్కటే ఖర్చవుతోంది.

నా పక్కన లక్ష్మమ్మ ఒక్కతే నిబ్బరంగా ఉంది. "దిగదన్నా. ఒడిబియ్యం పోసుకున్న ఆడపిల్ల పొలిమేర దాటినంక, గా దినమే మళ్ల తల్లిగారి ఊర్ల కాలు పెడ్తదా?"

"మరి పొద్దున్నే చెప్పకపోతివేందమ్మా?" అన్నాను.

"తిరిగొస్తరని మాకెవలు చెప్పిన్రు? విమానమెక్కినోళ్లు పోతరు గని, ఎక్కిన జాగల్నే దిగుతరా? ఎక్కడికి పోనిదానికి విమానమెందుకు?"

నాలుగేళ్లుగా ఆ ఇంట్లో అందరికీ విమానం గురించి తెలుసు. పోయి అదే చోటికి రావడమే పరీక్ష అని వాళ్లకు చెప్పాలని మాలో ఒక్కరికీ తోచలేదు.

"అంటే ఏమిటండీ?" అన్నారు దినకర్ గారు. కారు వైపు పరుగెత్తుతూ చెప్పాను. ఆయనకు సగం అర్థమైంది. మిగతా సగం యాదగిరి చెప్పాడు, దానితో ఆ సగం కూడా పోయింది.

పొలిమేర అవతల

పక్క ఊరి మొదట్లోనే ఒక బీడు ఉంది. రాత్రి గొర్ల మందను ఆపిన చోటు, చదునుగా ఉంది. మంద అప్పటికే మేతకు వెళ్లింది. విమానం ఆ బీడు మధ్యలో నిలబడి ఉంది, రెక్క కింద గొర్రెపెంటికలు. స్వరూప రెక్కకు ఆనుకుని ఉంది, ఒడి రెండు చేతులతో పట్టుకుని. మా అత్తగారు ఎవరో కాపరి గొంగడి పరిస్తే దాని మీద కూర్చుని అతనితో మాట్లాడుతోంది.

"మోతనే లేదు బిడ్డా. నా మాటలు పిల్లకు వినవడ్డయి, పిల్ల మాటలు నాకు వినవడ్డయి. ఎర్రబస్సుల గట్ల మాట్లాడుకోగలవా?"

దినకర్ గారు లోపలికి వంగి బ్యాటరీ చూశారు. ఎంత మిగిలిందో పైకి చెప్పలేదు. తిరిగి నిలబడి చాలాసేపు బీడు, విమానం, ముసలమ్మ, అన్నీ చూశారు. స్వరూప ఆయన ముఖమే చూస్తోంది. నాలుగేళ్ల పని ఆయన నోట్లో ఉంది.

"ఆ పది నిమిషాలు ముట్టుకోవద్దన్నాం" అన్నారాయన.

"ముట్టుకున్న సార్."

"చేను మీదికి వచ్చేసరికి పన్నెండు ఉన్నాయి. నేను విన్నాను. అక్కడ దిగడం కుదరలేదు. ఇంకో చోటు వెతికారు, చూసుకున్నారు, క్షేమంగా దిగారు. ఆ పది నిమిషాలు పెట్టమన్నది అందుకే కదా? రన్‌వే మీద పశువులు వస్తాయనో, గాలి మారుతుందనో అనుకున్నాం. ఇది అనుకోలేదు." ఆగి అడిగారు. "ఇక్కడ కూడా దిగొద్దని ఆవిడ అనుంటే?"

స్వరూప విమానం వైపు ఒకసారి చూసింది. "ఇంకో చేను దాకా పోతుండె సార్. ఇంకో ఊరి దాకా పోలేకపోతుండె."

ఆయన తల ఊపారు. ఆ జవాబు ఆయనకు నచ్చిందని నాకనిపించింది. నాకూ నచ్చింది.

"రెండోది కట్టండి. బరువుల పట్టికలో ఇంకో ఏడు కిలోలు వేసుకోండి. ఏమని రాయాలో నాకు తెలియదు."

"ఒడిబియ్యం అనే రాయుండ్రి సార్" అంది స్వరూప. అప్పుడు ఏడ్చింది. ఒళ్లో బియ్యం ఉన్నాయి కాబట్టి కన్నీళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. లక్ష్మమ్మ కొంగుతో తుడిచింది.

బ్యాటరీలు నింపడానికి అక్కడ కరెంటు లేదు. యాదగిరి డీసీఎం తెచ్చి, రెక్కలు విప్పడం మొదలుపెట్టాడు. అరగంట ఎగిరినదాన్ని మళ్లీ మేళ్లచెరువుకు మోసుకుపోవాలి. ఈసారి అతను పేచీ పెట్టలేదు. స్వరూప ముందు సీట్లో కూర్చుంది, ఒడి కదలకుండా.

దినకర్ గారు మా అత్తగారిని కారులో దించుతానన్నారు. ఇంత దగ్గరికి కారెందుకని ఆమె నడక మొదలుపెట్టింది. నేను వెంట నడిచాను. చేల గట్ల మీద ఆమె ముందు, నేను వెనక. కొంత దూరం వచ్చాం.

"గవి నా బిడ్డ బియ్యం" అంది, వెనక్కి తిరగకుండానే. "నిరుడు సుగుణకు ఒడి నింపాల్సుండె. మంచి వడ్లని పక్కకు తీసి పెట్టిన. గది పోయింది. వడ్లు ఇంట్లనే ఉన్నయి. ఏడాది సంది పొద్దున లేస్తె గా మూటనే కనవడుతున్నది. అమ్మబుద్ది కాలె, తినబుద్ది కాలె."

నేను ఆమె వీపును చూస్తూ నడిచాను.

"ఇయ్యాల దాటించిన. మళ్ల మా చేన్ల దిగుతనంటె పిల్లను బతిమిలాడిన. తప్పయితె తప్పే అల్లుడా. గని గవి మళ్ల నా ఇంటికొస్తె మోసుడు నాతోని గాదు."

"తప్పు గాదు అత్తమ్మా" అన్నాను.

పొలిమేర రాయి దగ్గర ఆమె ఆగి, దాని మీద కూర్చుని మోకాళ్లు ఒత్తుకుంది. ఊరు ఇంకా చాలా దూరంలో ఉంది. ఎండ ఎక్కుతోంది.

"గా రెండోదాన్ని జర జల్ది జెయ్యమనుండ్రి" అంది.